మేలైన విల్లు ఏది?

రేడియో పెట్టె యెదుట కూర్చుండి వాయులీనము విను శ్రోతలకు 'కమాను' అను మాట క్రొత్త కాదు. తీగలపై నడయాడు ఆ కర్రను మన విద్వాంసులు కమాను అనియే అందురు. లారీలు మరమ్మతు చేయు చోటికి పోయినచో, బండి బరువు మోయు ఉక్కు బద్దలను మేస్త్రీలు కమాను కట్టలందురు. చార్మినారునకు ఉత్తరమున నాలుగు పెద్ద తోరణములు నిలిచిన చోటు చార్‌కమాను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1939 డిసెంబరు 4వ తేదీన ప్రారంభోత్సవము జరిగిన ఆర్ట్సు కళాశాల మెట్లెక్కి తలయెత్తినచో కనబడు ఆ రాతి వంపును గూడ నగరభాషలో కమాను అనియే అనవలెను. వీటన్నిటికి పేరిచ్చిన అసలు కమాను పారసీకపు మాట. దాని అర్థము విల్లు.

విల్లు యుద్ధభూమిని విడిచి చాల కాలమైనది. మాటగా మాత్రము మన నడుమ తిరుగుచునే యున్నది. ఆ మాట వెనుకనున్న వస్తువును గూర్చి తలంచు అవకాశము మాకు ఇటీవల తార్నాకలో ఒక మిత్రుని యింట కలిగినది. తార్ అనగా తీగ, నాకా అనగా కావలి చౌకి. తీగ కంచె కట్టి కావలి పెట్టిన చోటు గనుక ఆ పేట తార్నాక యైనదని చెప్పుదురు. నేడు అక్కడ కంచెయు లేదు, కావలియు లేదు. విశ్వవిద్యాలయములో పనిచేసి విశ్రాంతి పొందినవారును, అక్కడ చదువుకొను పిల్లలును ఒకే వీధిలో నివసింతురు. మా మిత్రుని యింట ఆ ఇరువురును ఒకే కప్పు క్రింద నున్నారు. ఆయన తండ్రిగారు విశ్వవిద్యాలయపు కొలువులో తల నెరసినవారు. ఆయన కుమారుడు అక్కడనే విద్యార్థి.

ఆ యింటి ముందుగది గోడమీద ఒక వెదురు విల్లు వ్రేలాడుచున్నది. అల్లెత్రాడు ఎప్పుడో తెగిపోయినది. పొగకును ధూళికిని విల్లు నల్లబడినది. సుమారు ఏబది యేండ్ల క్రిందట పెద్దాయన అమ్రాబాదు పీఠభూమికి పోయినప్పుడు ఒక చెంచు గూడెములో పది రూపాయలిచ్చి దానిని తెచ్చుకొన్నారు. మేము పోయిన నాడు దాని క్రింద బల్లమీద మరియొక విల్లు ఉన్నది. మనుమడు రెండేండ్లు ట్యూషనులు చెప్పి కూడబెట్టిన డబ్బుతో అమెరికానుండి తెప్పించుకొన్న నిడుద విల్లు అది. అతని చేతి పొడవును, బలమును అడిగి తెలిసికొని, అతని కొరకే ఒక పనివాడు చేసి పంపినది. సన్నని పలకలు అతికి నునుపు చేసిన ఆ దేహముపై పనివాడు తన పేరు వ్రాలు చేసి, నిడివి 68 అంగుళములు, 28 అంగుళముల మేర లాగినప్పుడు బరువు 45 పౌన్లు అని వ్రాసినాడు. అట్టి విండ్లు అక్కడ వేయి డాలర్లకు అటునిటుగా పలుకుచున్నవి.

"మామయ్యగారూ, మీరు నాలుగు పుస్తకాలు చదివినవారు. ఈ రెంటిలో ఏది గొప్పదో చెప్పండి. తాతగారు ఆ గోడమీదిదే గొప్పదంటారు" అని కుఱ్ఱవాడు మమ్ము నడిగినాడు. పెద్దాయన చిరునవ్వు నవ్వి ఊరకున్నారు. మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ప్రశ్న చిన్నదే కాని, దాని వెనుక రెండున్నర వేల సంవత్సరముల చరిత్ర యున్నది. ఆనాడు చెప్పలేని సమాధానమును శ్రోతల సమక్షమున చెప్పుటకు ఇప్పుడు యత్నింతుము.

మొదట విల్లు చేయు పని యేమో చూతము. మనిషి చేతిలో బలమున్నది కాని వేగము చాలదు. అతడు నారిని మెల్లగా లాగును. ఆ శ్రమయంతయు వంగిన కొమ్మలలో నిలువయగును. వ్రేళ్ళు విడిచినంతనే నిలువ బలమంతయు రెప్పపాటులో బాణమునకు చేరును. లారీ క్రింది కమాను కట్ట గుంతలో పడినప్పుడు వంగి, మరల లేచుటయు ఇదే ధర్మము. వంగినప్పుడు విల్లులో రెండు బాధలు పుట్టును. లక్ష్యము వైపు ముఖము సాగును, విలుకాని వైపు ముఖము నలుగును. సాగుటకును నలుగుటకును రెంటికిని ఓర్చుకొను పదార్థము ప్రకృతిలో అరుదు. విల్లు చరిత్రయంతయు ఆ పదార్థమును వెదకిన చరిత్ర యనినచో తప్పు కాదు.

మన పూర్వులు ఈ వెదకుటలో వెనుకబడినవారు కారు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ఆయుధాగారమును గూర్చిన ప్రకరణములో నాలుగు విధముల విండ్లు చెప్పబడినవి. తాటి మ్రానితో చేసినది, వెదురుతో చేసినది, కొయ్యతో చేసినది, కొమ్ముతో చేసినది అని ఆ విభాగము. నారికి పనికివచ్చు వస్తువులలో జిల్లేడు నార, జనుము, వెదురు, స్నాయువు మొదలైనవి చేరినవి. బాణపు మొన కోయుటకా, గ్రుచ్చుటకా, మోదుటకా అని పనిని బట్టి ఇనుముతో గాని, ఎముకతో గాని, కొయ్యతో గాని చేయవలెనని చెప్పినారు. గ్రంథకర్త ఒక్క విల్లును శ్రేష్ఠమని నిర్ణయింపక, అన్ని విధములును ఆయుధాగారమున నుండవలసినవే యని లెక్క వ్రాసినాడు. మా కుఱ్ఱవాని ప్రశ్నకు ఇది మొదటి సమాధానము.

నిడివిని గూర్చియు మనవారికి నిశ్చయమున్నది. అగ్నిపురాణములోని ధనుర్వేద భాగము నాలుగు మూరల విల్లు ఉత్తమము, మూడున్నర మూరలది మధ్యమము, మూడు మూరలది అధమము అని చెప్పినది. నాలుగు మూరలనగా సుమారు ఆరడుగులు, అనగా నిలువెత్తు మనిషి. ఈ నిడివి ఎంత స్థిరపడినదనగా, మన ప్రాచీనులు నేలను కొలుచుటకు గూడ నాలుగు మూరల పరిమాణమునకు ధనుస్సు అనియే పేరు పెట్టినారు. కుఱ్ఱవాని అమెరికా విల్లు ఈ ధనుస్సునకు నాలుగంగుళములు మాత్రమే తక్కువ.

పరదేశీయుల సాక్ష్యమును గూడ వినవలెను. క్రీ. పూ. 480లో పారసీక చక్రవర్తి క్సెర్‌క్సీజు గ్రీసుపై దండెత్తినప్పుడు అతని సేనలో భారతీయులుండిరనియు, వారు నూలు బట్టలు కట్టి, వెదురు విండ్లును, ఇనుప మొనల వెదురు బాణములును పట్టిరనియు హెరడోటసు వ్రాసినాడు. అలెగ్జాండరు నౌకాధిపతి నియార్కసు చెప్పిన సంగతులను ఆధారము చేసికొని, భారత పదాతి విల్లు ఆ మనిషి యెత్తే యుండెడిదనియు, దాని కొనను నేలకాన్చి యెడమ కాలితో నొక్కిపట్టి నారిని వెనుకకు లాగెడివాడనియు, బాణము దాదాపు మూడు మూరల పొడవుండెడిదనియు, దానిని ఏ డాలును, ఏ కవచమును ఆపజాలవనియు ఆర్రియను వ్రాసినాడు.

ఇంతటి విల్లు క్రీ. పూ. 326లో జీలం నది యొడ్డున పురుషోత్తముని పక్షమున నుండియు అక్కరకు రాలేదు. వాన కురిసి నేల జారుచుండెను. బురదలో విల్లు కొన నిలువలేదు. గుఱిపెట్టునంతలో శత్రువు మీదికి వచ్చినాడు. కర్టియసు అను రోమను చరిత్రకారుడు ఈ సంగతి చెప్పినాడు. విల్లు గొప్పతనము విల్లులోనే యున్నదనుకొనువారికి ఇది గుణపాఠము. నేల పొడిగా నున్నంతవరకే అది అద్భుతమైన ఆయుధము.

ఉత్తరపు గడ్డినేలలనుండి గుఱ్ఱములపై వచ్చిన జాతులు ఇంకొక మార్గము త్రొక్కినవి. గుఱ్ఱముపై కూర్చున్నవానికి ఆరడుగుల విల్లు అడ్డము. కనుక వారు పొట్టి విల్లు కావలెననుకొన్నారు. పొట్టి కొయ్యను ఎక్కువగా వంచినచో విరుగును. ఈ చిక్కును వారు మూడు పదార్థములను కూర్చి విప్పుకొన్నారు. నడుమ కొయ్య. విలుకాని వైపున, నలుగుటకు ఓర్చుకొను పశువు కొమ్ము. లక్ష్యము వైపున, సాగుటకు ఓర్చుకొను స్నాయువు. వీటిని వజ్రముతో అతికి నెలల తరబడి ఆరబెట్టుదురు. అట్టి విల్లు త్రాడు విప్పినప్పుడు వెనుకకు తిరిగి ముడుచుకొనును. తురుష్కులు, మొగలులు, మన దక్కను సుల్తానుల సేనలు ఎరిగిన కమాను ఇదియే. 18వ శతాబ్ది చివర లండనులో తురుష్క రాయబార కార్యాలయపు ఉద్యోగి మహమూదు ఎఫెండి అట్టి విల్లుతో తేలిక బాణమును 482 గజముల దూరము వేయగా, నిడుద విల్లే లోకమున మిన్న యనుకొను ఆంగ్లేయులు నివ్వెరపోయినారు.

ఐనను దానికి వానకాలము శత్రువు. తేమ తగిలినచో వజ్రము పట్టు సడలును. మన దేశమున ఉక్కుతోనే విల్లు చేయుట ఈ కారణముననే వాడుకకు వచ్చినది. ఉక్కు విల్లు కూర్పు విల్లంత చురుకైనది కాదు. ఐనను దానిని ఆయుధాగారములో ఏండ్ల తరబడి పడవైచినను చెడదు, పురుగు తినదు, అతుకు విడదు. కావలి కోటలకు అట్టి ఆయుధమే కావలెను. చురుకుదనమునకు ఒక విలువ, నమ్మకమునకు ఒక విలువ.

కూర్పు విల్లును లాగు పద్ధతియు వేరు. నారిని బొటనవ్రేలితో పట్టి, వ్రేలు కోసికొనిపోకుండ ఉంగరము ధరింతురు. మన సాలార్‌జంగు ప్రదర్శనశాలలో షాజహాను బిరుదము చెక్కిన జేడు రాతి ఉంగరము ఒకటి కలదు. అది అలంకారముగా తోచును గాని, విలుకాని బొటనవ్రేలికి తొడిగిన కవచము. దానిని చూచినప్పుడెల్ల మాకు ఏకలవ్యుడు జ్ఞప్తికి వచ్చును. ద్రోణుడు అడిగిన గురుదక్షిణ ఎంత లెక్కగా అడిగినదో ఆ ఉంగరము చెప్పుచున్నది. వ్రేలిచ్చిన తరువాతను ఏకలవ్యుడు మిగిలిన వ్రేళ్ళతో బాణము వేసినాడనియు, మునుపటి వేగము మాత్రము లేకపోయెననియు భారతము చెప్పును. విద్య పూర్తిగా పోలేదు. పోటీకి నిలువలేనంత మాత్రము తగ్గినది.

ఇక ఆంగ్లేయుల నిడుద విల్లు. యూ అను చెట్టు మ్రానులో ప్రకృతియే కూర్పు విల్లును సిద్ధము చేసి పెట్టినది. తెల్లని వెలిచేవ సాగుటకు ఓర్చును, ఎర్రని లోచేవ నలుగుటకు ఓర్చును. రెండును కలియునట్లు ఒకే దుంగనుండి విల్లు చెక్కినచో అతుకుతో పని లేదు. 1346లో క్రేసీ యొద్దను, 1415లో ఆజిన్‌కోర్టు యొద్దను ఫ్రెంచి రౌతులను అడ్డుకొన్నది ఈ విల్లే. 1545లో మునిగిపోయిన మేరీరోజు అను ఇంగ్లీషు యుద్ధనౌకను 1982లో సముద్రమునుండి పైకి తీసినారు. ఆ నౌకలో నూటికి పైగా విండ్లు చెడక దొరకినవి. వాటి నిడివి ఆరడుగులకు మించినది. వాటిని లాగుటకు నూరు పౌన్లకు తక్కువ కాని బలము కావలసియుండెనని పరిశోధకులు లెక్కకట్టినారు. బాల్యమునుండి అభ్యాసము చేయనివానికి అది సాధ్యము కాదు. ఆ యుగపు విలుకాండ్ర ఎముకలే వంపు తిరిగినవని నౌకలో దొరకిన అస్థిపంజరములు తెలుపుచున్నవి. మంచి విల్లు మనిషిని గూడ తనకు తగినట్లు చెక్కుకొనును.

తుపాకి వచ్చిన తరువాత విల్లు వేడుకగా మారినది. ఆ వేడుకకు అమెరికాలో క్రొత్త ప్రాణము పోసినది ఒక విశ్వవిద్యాలయమే. 1911లో కాలిఫోర్నియాలో యాహీ తెగవారిలో మిగిలిన కడపటి మనిషి ఒక్కడు ఆకలితో అడవి వెడలి ఓరోవిల్ అను ఊరికి వచ్చినాడు. మానవశాస్త్రజ్ఞుడు క్రోబరు అతనిని విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలకు చేర్చినాడు. అతడు తన పేరు ఎన్నడును చెప్పలేదు. కావున అతని భాషలో 'మనిషి' అని అర్థమిచ్చు 'ఇషీ' అను మాటతోనే పిలిచినారు. విశ్వవిద్యాలయపు వైద్యుడు సాక్స్‌టన్ పోప్ ఇషీ యొద్ద విల్లు చెక్కుటయు, బాణము వేయుటయు నేర్చుకొన్నాడు. ఇషీ 1916లో క్షయవ్యాధితో మరణించినాడు. అటుపిమ్మట పోప్ ప్రదర్శనశాలలలోని దేశదేశముల విండ్లను, వాటి నమూనాలను పరీక్షించి, ఏది ఎంత దూరము వేయునో కొలిచి 1923లో ఒక గ్రంథము ప్రకటించినాడు. మా కుఱ్ఱవాడు అడిగిన ప్రశ్ననే అతడు శాస్త్రరీతిని అడిగినాడు. ఇషీ విల్లు సుమారు 40 పౌన్లది మాత్రమే. దానితోనే అతడు అడవిలో బ్రతికినాడు.

అక్కడినుండి పెరిగినదే నేటి చేతిపని విండ్ల సంప్రదాయము. 1938లో వచ్చిన రాబిన్‌హుడ్ చలనచిత్రములో తెర వెనుకనుండి బాణములు వేసిన హోవార్డు హిల్ అను మేటి విలుకాడు పలుమ్రానులను పరీక్షించి, చివరకు వెదురు పలకలు అతికిన విల్లునే మెచ్చుకొన్నాడు. నేడు అక్కడి నిపుణులు విండ్లను పోల్చునప్పుడు నాలుగైదు గుణములు చూతురు. బాణమునకు ఎంత వేగమిచ్చును? లాగుకొలది మెత్తగా సాగునా, చివరి అంగుళములలో బిగిసికొనునా? విడిచినప్పుడు చేతికి అదురు కొట్టునా? ఎండకు, చలికి, తేమకు తన గుణము మార్చుకొనునా? సూటియైన పూర్వపు రూపు గలది కొంచెము అదురును కాని, తప్పు చేసిన చేతిని క్షమించును. కొమ్మలను కొంత ముందుకు, కొంత వెనుకకు వంచిన క్రొత్త రూపు గలది వేగము కలది, అదురు తక్కువది. గాజునార పలకలు వెలుపల అతికినది వానకు జంకదు. కొయ్య మాత్రమే గలది తేలికగా, జీవమున్నట్లు తోచును. వీటిలో చాల వాటి గర్భమున నున్నది వెదురు బద్దయే. మా కుఱ్ఱవాని విల్లును అంచునుండి చూచినచో, నిగనిగలాడు గాజునార పొరల నడుమ కణుపుల జాడతో సన్నని వెదురు కనబడినది.

ఆ జాడ చూచి మేము గోడవైపు తలయెత్తితిమి. అక్కడనున్నదియు వెదురే.

చెంచులు నల్లమల వాసులు. శ్రీశైల మల్లన్నను చెంచు మల్లయ్య యని తమవానిగా చెప్పుకొనువారు. అహోబిల నరసింహుడు చెంచులక్ష్మిని పెండ్లాడి వారికి అల్లుడైనాడు. పార్వేట ఉత్సవమున స్వామి పల్లకి వైపు వారు విల్లెక్కుపెట్టి స్వాగతము పలుకు ఆచారము కలదు. ఈ చెంచులను మొదట సమగ్రముగా పరిశీలించి గ్రంథము వ్రాసినవాడు వియన్నాలో 1909లో జన్మించిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫు. 1939లో యుద్ధము వచ్చినప్పుడు అతడు శత్రుదేశీయుడు గనుక హైదరాబాదు సంస్థానపు ఎల్లలలో ఉండవలసి వచ్చినది. ఆ నిర్బంధమునే అవకాశముగా మార్చుకొని, భార్య ఎలిజబెత్తుతో అడవిలో మకాము పెట్టినాడు. చెంచుల గ్రంథము 1943లో వెలువడినది. తరువాత కొండరెడ్లను గూర్చియు, ఆదిలాబాదు గోండులను గూర్చియు వ్రాసినాడు. 1940 దశకములోనే నిజాము ప్రభుత్వమునకు ఆటవిక జాతుల సలహాదారుగను, ఉస్మానియాలో మానవశాస్త్రాచార్యుడుగను పనిచేసినాడు. అనగా చెంచు విల్లు శాస్త్రవిషయముగా ఉస్మానియా ఆవరణకు చేరినది ఆనాడే.

చెంచుల విల్లు యుద్ధము కొరకు పుట్టినది కాదు. పొదల నడుమ దగ్గరగా పొంచి వేయుటకు పుట్టినది. అక్కడ 482 గజముల దూరముతో పని లేదు. ఆకు అలికిడి కాకుండ మెలగుటతో పని. వెదురు అడవిలో ఉచితముగా దొరకును. ఇనుప మొన మాత్రము మైదానపు కమ్మరి యొద్దనుండి రావలసినది. విల్లు విరిగినచో మరునాటికి క్రొత్తది సిద్ధమగును. ఇంకొక నిజమును గూడ చెప్పవలెను. చెంచుల కడుపు నింపినది ప్రధానముగా విల్లు కాదు. ఆడవారును మగవారును దుంపలు త్రవ్వు కోలయే వారి నిత్యజీవనమునకు ఆధారము. విల్లు మగవాని గౌరవము. త్రవ్వు కోల ఇంటి అన్నము. ప్రదర్శనశాలకు పోయినవారు విల్లును చూచి ఆగుదురు, కోలను చూచి సాగిపోవుదురు.

అడవి విల్లు తుపాకికి ఎదురు నిలిచిన ఘట్టములును మన చరిత్రలో నున్నవి. అల్లూరి సీతారామరాజు మన్యపు వీరులతో 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడిచేసినాడు. ఆ దాడుల ప్రయోజనము తుపాకులను సంపాదించుట. విల్లు వీరత్వమునకు చాలును కాని సామ్రాజ్యమునకు ఎదురు చాలదని ఆయన ఎరుగును. 1940లో జోడేఘాటున కొమరం భీము నేలకొరిగినాడు. ఆ రక్తపాతము తరువాతనే ప్రభుత్వము హైమన్‌డార్ఫును గోండుల నడుమకు పంపినది. ఆయన భూమి పట్టాల కొరకు వాదించినాడు. 1943లో మార్లవాయిలో గోండు పిల్లలకు, ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైనది. ఎలిజబెత్తు సమాధి నేడును మార్లవాయిలోనే యున్నది. గురువు అడవినుండి తీసికొన్నదానికి బదులు కొంత యిచ్చిన ఉదాహరణగా దానిని మేము తలంతుము.

నేడు నల్లమలలో విల్లు మునుపటి పని చేయుట లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. అడవి పులుల అభయారణ్యమైనది. వేటగాని కుమారులలో కొందరు పులిజాడలు చూచు కావలివారైనారు. అడవి జంతువులను కాపాడుట అవసరమే. దానిని మేము కాదనము. ఐనను పనిలేని పనిముట్టు ఎంతకాలము నిలుచును? యాత్రికులకు అమ్ము ఆటవస్తువుగా మారిన విల్లు చూపునకు విల్లువలెనే యుండును. అది వంగవలసిన అవసరము లేదు గనుక వంగు గుణము మొదట పోవును. ఆ గుణమును ఎరిగిన చేయి తరువాత పోవును.

మరియొక వైపు చూచినచో విలువిద్య మన నేలపై అంతరించలేదు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో విజయవాడ యువతి వెన్నం జ్యోతి సురేఖ మూడు బంగారు పతకములు గెలిచినది. ఆమె పట్టినది కప్పీలు అమర్చిన యంత్రపు విల్లు. మన దేశపు పోటీలలో 'ఇండియన్ రౌండు' అను విభాగమున పిల్లలు నేటికిని వెదురు విల్లుతోనే పోటీపడుదురు. ధనము లేని పల్లె పిల్లవానికి ఆ వెదురే మొదటి మెట్టు. తరువాతి మెట్టుకు లక్షలలో వెల చెల్లింపవలెను. ఏకలవ్యుని వ్రేలు నేడు ఎవరును అడుగరు. ధర చెప్పి ఊరకుందురు.

ఇక తార్నాక యింటికి తిరిగి పోవుదము. కుఱ్ఱవాడు ఆనాడు ఇంకొక కోరిక కోరినాడు. గోడమీది విల్లునకు క్రొత్త త్రాడు కట్టి రెంటిని పక్కపక్కన వేసి చూడవలెనన్నాడు. మేము వలదంటిమి. ఏబది యేండ్లు ఎండిన వెదురు ఒక్క లాగునకు పగులును. పోటీ న్యాయమైనది కాదు. పచ్చిగా నున్ననాటి దాని బలమును మనమెవరమును చూడలేదు.

అప్పుడు పెద్దాయన లేచి, రెండు విండ్లను ప్రక్కప్రక్కన బల్లపై పెట్టించినారు. మనుమని విల్లుపై పనివాని వ్రాలును వ్రేలితో తడవి చూచినారు. తరువాత తన వెదురు విల్లును త్రిప్పి త్రిప్పి చూచినారు. దానిపై ఏ వ్రాతయు లేదు.

"ఇది గొప్పదని ఎప్పుడూ అంటూ ఉంటాను. కాని దీన్ని చేసినవాడి పేరు ఆనాడు అడగలేదు. పది రూపాయలిచ్చాను, చాలా ఇచ్చాననుకొన్నాను. ఊరి పేరు డైరీలో రాసుకొన్నాను. మనిషి పేరు రాసుకోలేదు" అన్నారు.

గదిలో కొంతసేపు ఎవరును మాటాడలేదు. మేము కూడ ఎన్నో గ్రామములకు పోయి, ఎందరో గొంతులను శబ్దముగా పట్టి తెచ్చినవారమే. ఆ గొంతులన్నిటి పేర్లు మాకు నేడు తెలియునా యని ప్రశ్నించుకొనక తప్పలేదు.

మేలైన విల్లు ఏది? గుఱ్ఱముపై నున్నవానికి కూర్పు విల్లు, వానకాలపు కోటకు ఉక్కు విల్లు, బాల్యమునుండి సాధన చేసిన సైనికునకు యూ విల్లు, పొదల నడుమ పొంచినవానికి వెదురు విల్లు. తార్నాకలో సాయంకాలము సరదాగా గుఱి చూచుకొను విద్యార్థికి అతని చేతికొలత ప్రకారము చేసిన ఆ క్రొత్త విల్లే మేలు. దానిలో సందేహము లేదు. చేయి, నేల, పని ఈ మూడింటికి తగినది మేలైన విల్లు. ఇది చరిత్ర చెప్పు సమాధానము. కాని ఒక విల్లు వేయి డాలర్లకును, ఒక విల్లు పది రూపాయలకును పోవుటకు కారణము ఈ మూడింటిలో లేదు. ఒకదానిపై పేరున్నది, రెండవదానిపై లేదు.

కుఱ్ఱవాడు ఈ సంక్రాంతి సెలవులలో తాతగారి డైరీలోని ఊరికి పోయి వత్తునని చెప్పినాడు. అక్కడ ఇంకను విల్లు చేయగలవారు ఉన్నచో ఒకటి చేయించుకొని తెత్తునన్నాడు. పెద్దాయన వెల సంగతి ఏమియు చెప్పలేదు. లోనికి పోయి ఒక మంచి కలము తెచ్చి మనుమని చేతిలో పెట్టినారు. "పేరు అడుగు. వాళ్ళు ఒప్పుకొంటే విల్లుమీద రాయించు" అన్నారు.